స్ఫటికంలోని నీళ్ళు

నాకు సున్నా వేసిన మనిషికి ఆ సాయంత్రం టీ పెట్టింది నేనే.

ఆవిడ కప్పు అందుకున్నారు. కిటికీ వెలుతుర్లో రంగు చూశారు. "మళ్ళీ ముదురే," అన్నారు. తాగేశారు. కప్పు కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సున్నా ఊసు ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకూడదని ఆ వేసవి మొదట్లోనే మా ఇంట్లో చట్టం అయిపోయింది.

ఆవిడ మా అత్తగారు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. నేను ఆవిడ ఒక్కగానొక్క కోడల్ని. ఆ వేసవికి మాత్రం ఆవిడ క్లాసులో ఉన్న నలభైమందిలో ఒకదాన్ని.

ఎలా ఇరుక్కున్నానో చెబుతాను. పెళ్ళయ్యాక మందుల షాపులో పనిచేశాను. చీటీ చదవడం, డబ్బా తీసివ్వడం. కొన్నాళ్ళకి ఆ డబ్బాలో ఏముందో, ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలన్న పురుగు తొలిచింది. ఫార్మసీకి దరఖాస్తు పెట్టాను. సీటిచ్చారు, ఒక మెలికతో. వేసవి కోర్సులో కెమిస్ట్రీ చదివి బి గ్రేడు తెచ్చుకోవాలి. సి వచ్చిందా, సీటు నా తర్వాతివాళ్ళకి పోతుంది.

వేసవిలో ఆ కోర్సు చెప్పేది ఒక్కరే.

"ఇంకెవరూ లేరా?" అన్నాడు మా ఆయన, ముఖం పాలిపోయి.

"అందరూ సెలవులో ఉంటారట. మీ అమ్మగారు తప్ప."

"అయితే నేనూ సెలవు పెట్టి ఎక్కడికైనా పోతా."

ఆ పూట భోజనాల దగ్గర మా అత్తగారు కూర వడ్డించుకుంటూనే షరతులు చెప్పేశారు.

"ఇంట్లో నువ్వు నా కోడలివి. యూనివర్సిటీ గేటు దాటితే నా స్టూడెంటువి. అక్కడ నిన్ను 'మీరు' అంటాను, నువ్వు నన్ను మేడమ్ అనాలి. గ్రేడు మాట ఈ గుమ్మం లోపల వినపడకూడదు. నీ రాత పేపర్లు నేను దిద్దను."

"మరి ఎవరు దిద్దుతారు అత్తయ్యా?"

"అరమార్కు."

నేను ఎత్తిన గ్లాసు నోటిదాకా రాలేదు. అరమార్కు మాస్టారంటే డిపార్టుమెంటు హెడ్డు. ఎవరికీ పూర్తి మార్కు వేసిన పాపాన పోలేదని ప్రతీతి. ఒకటి వేయాల్సిన చోట అర వేస్తారు. అర వేయాల్సిన చోట ఎర్రసిరాతో 'చూసుకోండి' అని రాస్తారు.

"అమ్మా, నువ్వే దిద్దెయ్యొచ్చు కదా, కాస్త..." అంటూ మా ఆయన మొదలుపెట్టాడు.

మా అత్తగారు తలెత్తి చూశారు.

"...కాస్త ఉప్పు అందుకో," అని ముగించాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వేసవంతా మా ఆయన్ని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

*

మొదటిరోజు క్లాసులో ఆవిడ కెమిస్ట్రీ మాటే ఎత్తలేదు. బోర్డు మీద మూడు అడ్డగీతలు గీశారు. పై గీత పక్కన ఎనభై అయిదు అని వేశారు. మధ్య గీతకి డెబ్బై, కింది గీతకి యాభై అయిదు. ఎ, బి, సి. యూనివర్సిటీలో ఆవిడకి గీత మేడమ్ అని పేరు. అసలు పేరు గీత కాదు.

"వారం వారం పెట్టే చిన్న పరీక్షలకు ఇరవై. ల్యాబులో రోజువారీ పనికి ఇరవై. చివరి ప్రయోగానికి ఇరవై, చివరి రాత పరీక్షకు నలభై. చిన్న పరీక్షల్లో అన్నిటికంటే పాడైనదాన్ని నేనే పారేస్తాను. ప్రతి మనిషికీ ఒక చెడ్డరోజు ఉంటుంది. రెండుంటే అది చెడ్డరోజు కాదు, అలవాటు."

నా పక్కనున్న పిల్ల లేచింది. ఆ పిల్లని అందరూ రేడియో అనేవారు. గాలికంటే ముందు వార్త ఆమెకి చేరేది, ఆమె నుంచి ఊరికి చేరేది.

"మేడమ్, కర్వ్ ఉంటుందా? అంటే, పేపరు కష్టంగా వచ్చి అందరికీ తక్కువొస్తే గీతలు కిందికి దించుతారా?"

"దించను. ఎక్కువమంది దాటారని పైకీ జరపను. నలభైమందీ ఎ తెచ్చుకుంటే నలభై ఎలు రాస్తాను, నా సొమ్మేం పోదు. పక్కవాడు కూలబడితే మీరు ఎత్తు పెరగరు."

నేను చెయ్యెత్తాను.

"చెప్పండి," అన్నారు నన్ను చూసి.

నా కాపురంలో ఆవిడ నోట నా గురించి 'అండి' వినపడటం అదే మొదలు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రేడియో అప్పటికే ప్రసారం ముగించిందన్నమాట.

"సరిగ్గా డెబ్బై మీద నిలబడితే ఏ గ్రేడు మేడమ్?"

"గీత తొక్కినవాళ్ళు లోపలే. పావుమార్కు కింద ఉన్నవాళ్ళు బయటే. చుట్టరికాలు చూసేంత సన్నటి కళ్ళు ఆ గీతకి లేవు."

ఈసారి క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను.

అత్త చేతి చలవతో ఎ కొట్టేస్తుందని సగంమంది పందెం కాశారు. కోడల్ని పడగొట్టడానికే ఆవిడ సెలవు మానుకుందని మిగతా సగం తేల్చారు. కత్తికి మెత్తదనం, అత్తకు మంచితనం ఉండవని సామెత ఉండనే ఉందిగా.

వాళ్ళు చూడనిది నేను చూశాను. ఆవిడ పేపర్లు దిద్దేది మా భోజనాల బల్ల మీదే. పేరున్న మూల మడిచి, కనపడకుండా క్లిప్పు పెట్టేవారు. మొదటి ప్రశ్న అందరిదీ దిద్దేశాక పేపర్లన్నీ పేకముక్కల్లా కలిపేసి, అప్పుడు రెండో ప్రశ్న మొదలుపెట్టేవారు. అలా ఎందుకని మా ఆయన చిన్నప్పుడే అడిగాడట. "మొదటి పేపరు మీద నాకు ఓపిక ఉంటుంది, చివరి పేపరు మీద విసుగుంటుంది. ఒకే పిల్లాడికి ప్రతిసారీ నా విసుగు దక్కకూడదు కదా," అన్నారట. ఆకలి మీద పెన్ను పట్టేవారు కాదు. ముందు టీ, తర్వాతే దిద్దడం. ఆ టీ నాది. టీ రంగు దగ్గరే మా ఇద్దరికీ పేచీ. డికాక్షన్ ఎప్పుడూ రవ్వంత ఎక్కువ పోస్తాను, చెయ్యి ఆగదు.

ల్యాబులోనూ అంతే. బ్యూరెట్ గొట్టంలోంచి చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో రంగు లేతగులాబీకి మారగానే ఆపాలి. నాకు ఆ 'మారగానే' ఎప్పుడూ ఒక చుక్క ఆలస్యం. మా అత్తగారు నా వెనగ్గా నడుస్తూ, ఆగకుండానే అనేవారు: "మీ గులాబీ ముదురు. ఒక చుక్క ముందు ఆపండి."

ఇంకో మాట కూడా అందరికీ చెప్పేవారు. "రీడింగు తప్పితే రబ్బరు పెట్టి చెరపకండి. ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి. కింద తప్పు కనపడాలి. తప్పు కనపడని కాగితాన్ని నేను నమ్మను."

*

చివరి ప్రయోగం నాడు వరండాలో రేడియో నన్ను స్తంభం చాటుకి లాగింది.

"అక్కా, విను. ఎర్ర దారానికి పాయింట్ సున్నా ఏడు. నీలం దారానికి..."

"ఏంటే ఇది?"

"సీనియర్లు చెప్పారు. మేడమ్ ఏటా అవే మూడు బరువులు తూస్తారంట. ఫ్లాస్క్ మెడకి కట్టే దారం రంగులు కూడా మారవంట. సగం క్లాసుకి పైగా తెలుసు. నీకు చెప్పకపోతే పాపం కదా అని చెబుతున్నా."

ప్రయోగం చెప్పుకోడానికి తేలికే. ఒక్కొక్కరికీ ఒక ఫ్లాస్క్ ఇస్తారు. అందులో ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళుంటాయి. ఎంత కలిపారన్నది మేడమ్‌కే తెలుసు. మనం బ్యూరెట్‌లోంచి ఊదారంగు పర్మాంగనేట్ వదిలి, ఎన్ని చుక్కలకి రంగు నిలబడిందో చూసి, ఆ ఎంతను లెక్కగట్టాలి. మేడమ్ అంకెకి ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. ఇందులో దిద్దడానికేమీ ఉండదు కాబట్టి నా ప్రయోగం అరమార్కు మాస్టారి దాకా పోదు.

"నాకొద్దు," అన్నాను రేడియోతో.

నీతి కోసమనుకోకండి. నాకు సరిగ్గా ఆ అంకే వచ్చిందంటే అత్త చెవిలో ఊదిందని సాయంత్రానికల్లా యూనివర్సిటీ మోగిపోతుంది. ఊరందరికీ అమృతమైన ఆ ఏడు నాకు మాత్రం విషం.

కానీ విన్న చెవుల్ని కడుక్కోలేం కదా. నాకు ఎర్ర దారమే వచ్చింది.

ఇచ్చిన నీళ్ళలోంచి కొంత కొలిచి ఇంకో ఫ్లాస్క్‌లో పోసి, వేడిచేసి మొదటి చుక్క వదిలాను. ఆ మొదటి చుక్క మహా మొండిది. ఊదారంగు ఎంతసేపటికీ పోదు. ఒకసారి దారికొచ్చిందంటే తర్వాతి చుక్కలు పడీపడగానే మాయమవుతాయి. చివరికి ఒకానొక చుక్క దగ్గర లేతగులాబీ నిలబడిపోతుంది. నాది యథాప్రకారం కాస్త ముదురుగులాబీ. లెక్క కట్టాను.

ఏడు రాలేదు. అయిదొచ్చింది.

ఫ్లాస్క్ కడిగి, మళ్ళీ కొలిచి పోసి చేశాను. అయిదు. మళ్ళీ చేశాను. అయిదే, తోక కాస్త ఎక్కువ. ఏడని విన్న చెవి, అయిదు చూసిన కంటిని పట్టుకుని అబద్ధాలకోరువని తిడుతోంది. పక్క బల్ల దగ్గర రేడియో ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనక నుంచి అల్లుతోంది. నన్ను చూసి, కానిమ్మన్నట్టు కన్ను కొట్టింది.

నేను పాయింట్ సున్నా అయిదు ఒకటి అని రాసి ఇచ్చేశాను.

జాబితా నోటీసు బోర్డు మీదకి వచ్చింది. రేడియోకి ఇరవైకి ఇరవై. నాకు గుండుసున్నా. అప్పటిదాకా నా చేతిలో ఉన్నవి ముప్ఫైరెండు. బి గీత తొక్కాలంటే రాత పరీక్షలో నలభైకి ముప్ఫైఎనిమిది రావాలి. అరమార్కు మాస్టారి దగ్గర నలభైకి ముప్ఫైఎనిమిది తెచ్చుకున్న మనిషి ఇంకా పుట్టలేదు. సీటుకి నీళ్ళు వదులుకుని ఇంటికొచ్చి టీ పెట్టాను. ఆ టీ సంగతే మొదట చెప్పాను.

*

మార్కు మీద అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి మేడమ్ గదిలో రోజూ ఒక గంట ఉంటుంది. 'ఏడుపు వద్దు, కారణం తీసుకురండి' అన్నది షరతు.

పొద్దున ఒకే వంటింట్లో భుజం భుజం రాసుకుంటూ తిరిగిన మనిషి కోసం మధ్యాహ్నం బెంచీ మీద నా వంతుకి కూర్చున్నాను. 'పప్పులో ఉప్పు వేశావా' అని అడిగిన గొంతే లోపల్నుంచి "తర్వాతివారు" అంది.

వెళ్ళి నిలబడ్డాను.

"కూర్చోండి. చెప్పండి."

"మేడమ్, నా ప్రయోగానికి సున్నా వచ్చింది."

"తెలుసు. కారణం?"

"ఎన్నిసార్లు చేసినా అయిదే వచ్చింది మేడమ్."

"ఒకే తప్పు పదిసార్లు చేస్తే ఒప్పైపోదు. ఫ్లాస్క్ శుభ్రంగా కడిగారా? తగినంత వేడిచేశారా?"

"చేశాను."

"మరి తప్పెక్కడుంది?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫ్లాస్క్ మంచిది కాదని చెప్పాలా? "తెలీదు మేడమ్," అన్నాను.

"మీకే తెలియకపోతే నేనేం దిద్దను? తర్వాతివారు."

లేచాను. తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఒక్క నిమిషం," అన్నారు వెనకనుంచి. "మీ గులాబీ ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే మేడమ్. కాస్త ముదురు."

ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"ముదురైతే చుక్కలు ఎక్కువ పడ్డట్టు."

"అవును మేడమ్."

"చుక్కలు ఎక్కువ పడితే మీ అంకె పెరగాలి. వేసవంతా మీకు ప్రతి ప్రయోగంలో రవ్వంత ఎక్కువే వచ్చింది. ఒక్కసారి కూడా తక్కువ రాలేదు." ఆవిడ నన్ను చూడటం లేదు, నా చేతిని చూస్తున్నారు. "ఎక్కువ పోసే చెయ్యి తక్కువెలా చూపిస్తుంది?"

  తనకి తెలియని ప్రశ్న ఆవిడ అడగడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆవిడ లేచారు. సొరుగులోంచి తాళాలు తీసుకుని, రసాయనాలు దాచే గదివైపు విసవిసా నడిచారు. బెంచీ మీద ఇంకా ముగ్గురు కూర్చునే ఉన్నారు. తన గంట పూర్తికాకుండా ఆవిడ కుర్చీ వదలడం ఆ ముగ్గురూ, నేనూ నోళ్ళు తెరుచుకుని చూశాం.

ఆ సాయంత్రం టీ చల్లారిపోయింది. మా అత్తగారు ప్రయోగం కాగితాలన్నీ భోజనాల బల్ల మీద రెండు దొంతరలుగా పేర్చి, వాటివైపు చూస్తూ కూర్చున్నారు. ఒకటి లావుగా ఉంది, ఒకటి పల్చగా ఉంది.

"అమ్మకి ఒంట్లో బాలేదా?" అని గుసగుసలాడాడు మా ఆయన.

"ఒంట్లో బాగానే ఉంది. లెక్కలో బాలేదు," అన్నాను.

*

ఆదివారం పొద్దున అరమార్కు మాస్టారు ఇంటికొచ్చారు. గొడుగు మూలన పెట్టి, కుర్చీలో సగం మీదే కూర్చున్నారు. కూర్చోవడంలో కూడా సగమే.

"నువ్వు లోపలికి వెళ్ళు," అన్నారు మా అత్తగారు నాతో.

వెళ్ళాను. గోడలకి చెవులుంటాయో లేదో గానీ, గోడ వెనకున్న నాకు రెండున్నాయి.

"వద్దండీ మేడమ్," అంటున్నారు మాస్టారు. "జాబితా బయట పెట్టేశారు. ఇప్పుడు మీ అంకె తప్పని మారిస్తే ఏమవుతుందో తెలుసా? లాభపడే పదకొండుమందిలో మీ కోడలుంది. కోడల్ని గట్టెక్కించడానికి జవాబే మార్చేసిందంటారు."

"అంటారు."

"ముప్ఫై ఏళ్ళ పేరు మీది."

"అవును."

"పోనీ ఇలా చేద్దాం. ఆ ప్రయోగాన్నే లెక్కలోంచి తీసేద్దాం. ఎనభైకి కట్టి నూటికి మారుద్దాం. మీ కోడలు కూడా ఎలాగోలా గీత దగ్గరికి వస్తుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ ఏమీ అనరు."

 వంటింట్లో నేను గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. ఒప్పుకుంటే నా సీటు బతకవచ్చు. ఒప్పుకోకపోతే నా సీటుతో పాటు ఆవిడ పేరూ నలభైమంది నోళ్ళలో పడుతుంది. నాకు ఏది కావాలో నాకే తెలియలేదు.

"నష్టం ఉంది," అన్నారు మా అత్తగారు. "అయిదు చూసి అయిదని రాసినవాళ్ళకి."

"వాళ్ళు పదకొండుమందే కదా."

"ఒక్కరున్నా అంతే."

మాస్టారు లేచారు. గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "మీ ఇష్టం. నేనైతే సగం దిగి చూసేవాణ్ణి," అన్నారు.

"మీరు సగమే దిగుతారు మాస్టారూ. అందరికీ తెలుసు," అన్నారు మా అత్తగారు. ఆయన నవ్వకుండా ఉండలేకపోయారు.

*

సోమవారం క్లాసుని ల్యాబులో పెట్టారు. పొగలు లాగే గాజు అలమర ముందు అందర్నీ గుమిగూడమన్నారు. చేతిలో ఒక తెల్ల డబ్బా.

"రేడియో గారూ, మీరు రండి."

ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు. తన ముద్దుపేరు మేడమ్‌కి తెలుసని ఆమె కలలో కూడా అనుకుని ఉండదు.

"ఈ డబ్బాలోంచి చెంచాడు గింజలు తీసి ఈ పొడి గొట్టంలో వెయ్యండి. చిన్న మంట మీద వేడిచెయ్యండి. ఏం కనిపిస్తే అది పైకి చెప్పండి. ఎవరి దగ్గరో విన్నది కాదు, మీకు కనిపించింది."

రేడియో ఆ అలమర అద్దం కింద చేతులు పెట్టి గొట్టాన్ని మంట మీద తిప్పింది. అందరం మెడలు సాచాం. కాసేపటికి గొట్టం పైభాగంలో, చల్లగా ఉన్న చోట, మసకగా ఏదో పట్టింది. అది చేరి చేరి చుక్కలైంది. ఒక చుక్క గాజు వెంబడి జారింది.

"నీళ్ళు," అంది రేడియో. ఆ పిల్ల గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"గింజల్లోంచే మేడమ్. గొట్టం పొడిగానే ఉంది."

మా అత్తగారు బోర్డు దగ్గరికి వెళ్ళారు. "పాత డబ్బాలో ఉన్నది పొడి రకం. ఈ ఏడాది కొత్త డబ్బా వచ్చింది. ఇందులో స్ఫటికం లోపలే నీళ్ళుంటాయి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఆ ముక్క రాసే ఉంది. నేను పెద్ద అక్షరాల దాకా చదివి ఆగిపోయాను. పాత బరువే తూచాను. తూచిన ప్రతి ఏడు పాళ్ళలో రెండు పాళ్ళు నీళ్ళే. ఆ నీళ్ళని కూడా ఆమ్లం కింద లెక్కగట్టాను." బోర్డు మీద ఏడు వేసి, దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన అయిదు వేశారు. ఏడు కింద స్పష్టంగా కనపడుతూనే ఉంది. "తప్పు నాది."

నీళ్ళ గురించి చెబుతూ ఆవిడ ఎక్కడా నీళ్ళు నమల్లేదు.

 అప్పుడు నెమ్మదిగా అందరికీ రెండో సంగతి తట్టింది. ఎర్ర దారం ఫ్లాస్కులోంచి అయిదే వస్తుందంటే, ఏడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆవిడ ఎవరివైపూ ప్రత్యేకంగా చూడలేదు. "ఈ డబ్బాలోంచి ఏడు రాదు. వచ్చిందని రాసినవాళ్ళు శుక్రవారం కొత్త ఫ్లాస్కులతో మళ్ళీ చేస్తారు. ఈసారి బరువులు ఇంతకు ముందెప్పుడూ తూచనివి. ఇది శిక్ష కాదు, మార్కులు ఇరవైకే వేస్తాను. ఏటా అవే బరువులు తూచి ఆ దారి తెరిచిపెట్టింది కూడా నేనే. నాకు మీ అంకె కావాలి. మీ సీనియర్ల అంకె నా దగ్గర ఎప్పణ్ణుంచో ఉంది."

వెనకనుంచి ఒక గొంతు లేచింది. "మేడమ్, ఇప్పుడు మీ కోడలికి ఎన్నొచ్చాయి?"

అందరి తలలూ నావైపు తిరిగాయి.

"వారికి పదిహేడు," అన్నారు ఆవిడ తడుముకోకుండా. "రావాల్సింది అయిదు. వారు అయిదూ పైచిలుకు రాశారు. ఆ పైచిలుకుకి మూడు పోయాయి. ఆ ఫ్లాస్కు చూసుంటే మీరే చెప్పేవారు. అది గులాబీ కాదు, దానిమ్మగింజ."

క్లాసు ఘొల్లుమంది. ఆ నవ్వులో ఇంకెవరి దగ్గరా రెండో ప్రశ్న మిగల్లేదు. తలుపు దగ్గర అరమార్కు మాస్టారు నిలబడి ఉన్నారని అప్పుడే చూశాను. ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అంతా విన్నారు. ఆ లోపలి కాలు కూడా బయటికి తీసుకుని వెళ్ళిపోయారు.

నోటీసు బోర్డు మీద పాత జాబితాని మా అత్తగారు తీసెయ్యలేదు. మారిన అంకెల మీద ఒక్కో గీత కొట్టి, పక్కన కొత్తవి వేసి, అడుగున సంతకం పెట్టారు.

"ఏంటీ?" అన్నాడు మా ఆయన ఆ సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా. "మా అమ్మ తప్పు నాది అందా? ఆ రెండు మాటలూ వరసగా అందా? నువ్వు సరిగ్గా విన్నావా?"

"నలభైమంది విన్నాం."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ముప్ఫైరెండేళ్ళు ఈ ఇంట్లో ఉన్నా. ఆ మాట వినడానికి నేనూ అడ్మిషన్ తీసుకోవాల్సింది."

శుక్రవారం రేడియోకి పద్నాలుగు వచ్చాయి. ఇరవై పోయి పద్నాలుగొచ్చినందుకు ఏడుస్తుందనుకున్నాను. వరండాలో నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది. "అక్కా, పద్నాలుగే! నావే! ఆ రంగు నిలబడ్డప్పుడు నా గుండె ఆగిందనుకో!" అప్పుడు తెలిసింది, మొదటిసారి ఆ పిల్ల ఫ్లాస్కు కూడా అయిదే చూపించిందట. తన చెయ్యే మంచిది కాదనుకుని ఆ అంకె కొట్టేసి ఏడు రాసుకుందట.

*

రాత పరీక్ష అయింది. నా పేపరు అరమార్కు మాస్టారి ఎర్రసిరాలో మునిగి తేలి వచ్చింది. అరలు, పావులు, 'చూసుకోండి'లు. ఒక్కచోట మాత్రం పెన్ను గట్టిగా నొక్కి పూర్తిగా వేసిన మార్కుంది. స్ఫటికంలో నీళ్ళ ప్రశ్న అది.

మొత్తం డెబ్బైరెండున్నర. గీతకి రెండున్నర మెట్లు పైన, పట్టపగలు, అందరూ చూస్తుండగా.

నోటీసు బోర్డు ముందు గుంపులో మా అత్తగారు కూడా వేలు పెట్టి జాబితా చదువుతున్నారు. నా మొత్తం కట్టింది మాస్టారే కాబట్టి ఆవిడకీ అప్పుడే తెలియడం. నా అంకె దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందరి అంకెల మీద జరిగినట్టే కిందికి జరిగిపోయింది.

ఇంటికొచ్చాక టీ పెట్టాను. పాలల్లో డికాక్షన్ పోస్తున్నాను. రంగు మారుతోంది. ఇంకొక్క చుక్క పోద్దామని చెయ్యి అలవాటుగా వంగింది. ఆపేశాను.

మా అత్తగారు కప్పు అందుకున్నారు. కిటికీ వెలుతుర్లోకి ఎత్తి, చాలాసేపు చూశారు. ఒక గుక్క తాగారు. మా ఆయన బల్లకి అవతల కూర్చుని, ఎందుకైనా మంచిదని ఉప్పుడబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"ఇవాళ సరిగ్గా ఆపారు," అన్నారు ఆవిడ.

మా ఆయన వెనక్కి తిరిగి, వంటింట్లో ఇంకెవరున్నారా అని చూశాడు.